దాగిన స్విచ్చుల కథ

గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు లైటు, ఫాను ఆర్పమని మీ ఇంట్లో పెద్దలు ఎన్నోసార్లు చెప్పే ఉంటారు. వాళ్ళ ఆందోళన కరెంటు బిల్లు గురించి. ఇప్పుడు అదే మాట మీ పాఠ్యపుస్తకాల్లో వాతావరణ మార్పు పాఠం కింద కనిపిస్తోంది. భూమి వేడెక్కకుండా ఉండాలంటే అవసరం లేని లైట్లు ఆర్పాలి, దగ్గరి దూరాలకు నడవాలి, చెట్లు నాటాలి అని అందులో ఉంటుంది. అది చదివినప్పుడు మీకు ఒక అనుమానం వచ్చే ఉండాలి. నూట నలభై కోట్లకు పైగా జనాభా ఉన్న దేశంలో నేనొక్కడినీ ఒక బల్బు ఆర్పితే భూగోళానికి ఒరిగేదేమిటి?

అడగవలసిన ప్రశ్నే ఇది. 1973లో ఒక భౌతిక శాస్త్రవేత్త సరిగ్గా ఈ పని, అంటే లైట్లు ఆర్పే పని చేయబోయి, దాని వెంటే వెళ్ళి తన శాస్త్ర జీవితాన్నే మార్చుకున్నాడు. ఆయన అనుభవం మన ప్రశ్నకు చాలావరకు జవాబు చెబుతుంది.

శుక్రవారం రాత్రి చేసిన లెక్క

1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధం వచ్చింది. ఇజ్రాయెల్‌కు సహాయం చేసిన దేశాలకు చమురు అమ్మబోమని అరబ్బు దేశాలు ప్రకటించాయి. కొద్ది నెలల్లోనే ప్రపంచ మార్కెట్లో ముడి చమురు ధర సుమారు నాలుగు రెట్లయింది. కారు లేనిదే కాలు కదపని అమెరికాలో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన కార్లు కనిపించసాగాయి.

ఆ రోజుల్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆర్థర్ రోసెన్‌ఫెల్డ్ అనే ఆచార్యుడు ఉండేవాడు. 1926లో పుట్టిన ఈయన సుప్రసిద్ధ శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మి దగ్గర పరిశోధన చేసిన శిష్యుడు. తర్వాత లూయీ ఆల్వరెజ్ బృందంలో చేరి పరమాణు కణాల మీద పనిచేశాడు. ఆ పరిశోధనలకే ఆల్వరెజ్‌కు 1968లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంధనం గురించి రోసెన్‌ఫెల్డ్ అప్పటివరకు ప్రత్యేకంగా ఆలోచించింది లేదు.

1973 నవంబరులో ఒక శుక్రవారం రాత్రి ఆయన ఇంటికి బయలుదేరాడు. మర్నాడు పెట్రోలు కోసం అరగంట సేపు వరుసలో నిలబడాలన్న సంగతి గుర్తొచ్చింది. అదే సమయంలో వరండాకు ఇరువైపులా ఖాళీ గదుల్లో వెలుగుతున్న లైట్లు కంటపడ్డాయి. శాస్త్రవేత్త కదా, లెక్క వేశాడు. ఒక్కొక్క గదిలో సుమారు ఒక కిలోవాటు లైట్లున్నాయి. ఆ అంతస్తులో 20 గదులు. ఆ లైట్లు సోమవారం ఉదయం దాకా వెలిగితే, వాటికి కావలసిన విద్యుత్తు తయారీకి 100 గాలన్ల చమురుకు సమానమైన ఇంధనం ఖర్చవుతుంది. అంటే దాదాపు 380 లీటర్లు. తన కారులో పట్టేది 10 గాలన్లు. దాని కోసం అరగంట నిలబడబోతున్నాడు. దానికి పదిరెట్లు ఇక్కడ ఎవరూ లేని గదుల్లో కాలిపోతోంది!

సరే, లైట్లు ఆర్పేసి వెళదామనుకున్నాడు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. స్విచ్చులు కనపడలేదు. కొన్ని తేలిగ్గానే దొరికాయి. మిగిలినవి బీరువాల వెనక, పుస్తకాల అరల వెనక, గోడకు అంటించిన పోస్టర్ల కింద దాగి ఉన్నాయి. అన్నింటినీ వెతికి ఆర్పడానికి 20 నిమిషాలు పట్టింది.

ఈ చిన్న సంఘటనలో ఒక పెద్ద విషయం ఉంది. ఆ గదుల్లోని వాళ్ళు సోమరులూ కారు, దుబారా మనుషులూ కారు. ఆర్పే అలవాటు లేకపోవడానికి కారణం ఆర్పవలసిన అవసరం వాళ్ళకు ఎన్నడూ రాకపోవడమే. కరెంటు చవక. బిల్లు కట్టేది విశ్వవిద్యాలయం. అందుకే స్విచ్చుకు అడ్డంగా బీరువా పెట్టినా ఎవరికీ ఇబ్బంది కలగలేదు. అలవాట్లు మనిషి గుణం వల్లనే ఏర్పడవు, చుట్టూ ఉన్న ఏర్పాట్ల వల్ల కూడా ఏర్పడతాయి.

వేడికీ లైటుకూ లంకె

రోసెన్‌ఫెల్డ్ ఆ రాత్రి ఆలోచించింది చమురు గురించే గాని భూతాపం గురించి కాదు. అయితే ఆ లంకె అప్పటికే శాస్త్రానికి తెలుసు. బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, నింపిన గాజు గొట్టం ఎండలో ఎక్కువ వేడెక్కుతుందని 1856లో అమెరికన్ మహిళ యూనిస్ ఫుట్ ప్రయోగం చేసి చూపించింది. 1859 నుంచి జాన్ టిండాల్ ఈ వాయువు వేడి కిరణాలను పీల్చుకుంటుందని కచ్చితమైన కొలతలతో నిరూపించాడు. గాలిలో ఈ వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో 1896లో స్వీడన్ శాస్త్రవేత్త ఆరీనియస్ చేతి లెక్కలతోనే అంచనా వేశాడు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలోని మౌనా లోవా పర్వతం మీద ఈ వాయువును కొలవడం ప్రారంభించాడు. అప్పట్లో గాలిలోని ప్రతి పది లక్షల అణువుల్లో 315 దాకా ఉండేది. ఇప్పుడు 420 దాటింది.

మన ఇళ్ళకు వచ్చే కరెంటుకు ఇందులో పాత్ర ఉంది. భారతదేశంలో ఉత్పత్తి అయ్యే విద్యుత్తులో నాలుగింట దాదాపు మూడు వంతులు బొగ్గు నుంచే వస్తోంది. 1889లో ఎల్లందు దగ్గర తవ్వకాలు మొదలైన సింగరేణి గనుల బొగ్గు రామగుండం, కొత్తగూడెం కేంద్రాల్లో మండి మన స్విచ్ దాకా కరెంటుగా వస్తుంది. జలవిద్యుత్తు, సౌరవిద్యుత్తు, అణువిద్యుత్తు అన్నింటినీ కలిపి సగటు తీసినా, మన దేశంలో ఒక యూనిట్ కరెంటు వెనక సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. ఈ అంకెను గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ధర చీటీలో లేని ఖర్చు

మళ్ళీ బర్క్‌లీకి వెళదాం. 1974 వేసవిలో ప్రిన్స్‌టన్‌లో కొందరు భౌతిక శాస్త్రవేత్తలు చేరి, ఇంధనాన్ని సమర్థంగా వాడటం గురించి ఒక అధ్యయనం చేశారు. రోసెన్‌ఫెల్డ్ అందులో ముఖ్యుడు. ఆ తర్వాత ఆయన కణ భౌతికశాస్త్రం వైపు తిరిగి వెళ్ళలేదు. భవనాలు, దీపాలు, కిటికీలు, ఇంటి యంత్రాలే ఆయన ప్రయోగశాల అయ్యాయి.

తన విద్యార్థి డేవిడ్ గోల్డ్‌స్టీన్‌తో కలిసి ఆయన ఫ్రిజ్‌లను పరిశీలించాడు. ఎక్కువ ధర పెట్టి కొన్న ఫ్రిజ్ తక్కువ కరెంటు వాడుతుందని మనం అనుకుంటాం కదా. అలాంటి సంబంధమేదీ కనిపించలేదు. ఒకే పరిమాణం, ఒకే ధర ఉన్న రెండు ఫ్రిజ్‌లలో ఒకటి ఎక్కువ కరెంటు, మరొకటి తక్కువ కరెంటు వాడవచ్చు. కొనేవాడికి ఆ సంగతి తెలిసే మార్గమే లేదు. అంటే ఇక్కడా స్విచ్ దాగే ఉంది. ఈసారి అది దాగింది బీరువా వెనక కాదు, యంత్రం లోపల.

ఈ పరిశోధన ఆధారంగా కాలిఫోర్నియా ప్రభుత్వం 1970ల చివరి నాటికి ఫ్రిజ్‌లకు ప్రమాణాలు విధించింది. క్రమేణా దేశమంతటికీ ప్రమాణాలు వచ్చాయి. 1970ల మధ్యలో సగటు అమెరికన్ ఫ్రిజ్ ఏడాదికి సుమారు 1,800 యూనిట్లు వాడేది. 2001 నాటి ప్రమాణంతో అది 500 యూనిట్ల లోపుకు దిగింది. ఈ మధ్యకాలంలో ఫ్రిజ్ పరిమాణం పెరిగింది. అంటే ఎవరూ చల్లని నీళ్ళు మానుకోలేదు, ఎవరూ ఫ్రిజ్ తలుపు తక్కువసార్లు తీయలేదు. అయినా వాడకం మూడోవంతు కంటే తక్కువకు పడిపోయింది.

2010లో కొందరు శాస్త్రవేత్తలు ఆయన గౌరవార్థం విద్యుత్ పొదుపుకు 'రోసెన్‌ఫెల్డ్' అనే కొలమానాన్ని ప్రతిపాదించారు. ఒక రోసెన్‌ఫెల్డ్ అంటే ఏడాదికి 300 కోట్ల యూనిట్ల ఆదా. 500 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఏడాదిలో ఉత్పత్తి చేసేది సుమారు ఇంతే. ఆయన 2017లో మరణించాడు.

మన దేశం మాటేమిటి?

మీరు ఇక్కడ మరో ప్రశ్న వేయవచ్చు. అమెరికాలో ఒక్కొక్క మనిషి తరఫున ఏడాదికి సుమారు 14 టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తోంది. మన దేశంలో అది దాదాపు 2 టన్నులే. మరి పొదుపు మనమెందుకు చేయాలి?

ఈ ప్రశ్నకు బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థ ఆచార్యుడు అముల్య కుమార్ ఎన్. రెడ్డి మంచి జవాబు చెప్పాడు. విద్యుత్ రసాయనశాస్త్రం చదివే కళాశాల విద్యార్థులకు బోక్రిస్, రెడ్డిల పాఠ్యగ్రంథం పరిచయమే. ఆ రెడ్డి ఈయనే. 1974లో ఆయన గ్రామాలకు పనికివచ్చే సాంకేతిక విజ్ఞానం కోసం 'అస్త్ర' అనే కేంద్రాన్ని నెలకొల్పాడు. తర్వాత బ్రెజిల్ శాస్త్రవేత్త గోల్డెంబర్గ్, స్వీడన్‌కు చెందిన యోహాన్సన్, ప్రిన్స్‌టన్‌లో పనిచేసిన రాబర్ట్ విలియమ్స్‌లతో కలిసి 1988లో ప్రపంచ ఇంధన సమస్యపై ఒక ప్రసిద్ధ గ్రంథం ప్రచురించాడు.

ఆయన వాదన ఇది. ప్రజలకు కావలసింది కిలోవాట్లు కాదు. వెలుగు, వంట, నీళ్ళు, చల్లదనం. వీటిని తక్కువ ఇంధనంతో అందిస్తే, మిగిలిన ఇంధనం ఇంతవరకు దీపమే లేని ఇంటికి చేరుతుంది. కిరసనాయిలు బుడ్డి వెలిగించుకునే ఇల్లు పొదుపు చేస్తున్నట్టు కాదు. ఆ బుడ్డి ఇచ్చే వెలుగు అతి తక్కువ. పైగా అందులో కాలే నూనెలో 7 నుంచి 9 శాతం దాకా మసిగా మారుతుందని 2012లో ప్రచురితమైన కొలతలు చెబుతున్నాయి. ఆ మసి ఊపిరితిత్తులకూ చేటు, వాతావరణానికీ చేటు. 1990ల ప్రారంభంలో కర్ణాటక రాష్ట్రం కోసం రెడ్డి బృందం ఒక ప్రణాళిక తయారుచేసింది. మెరుగైన దీపాలు, మెరుగైన పంపుసెట్లు, సౌర నీటి హీటర్లు వాడితే, ప్రతి ఇంటికీ కరెంటు ఇస్తూనే, అధికార ప్రణాళికలో అడిగిన విద్యుత్ సామర్థ్యంలో సగం కంటే తక్కువతో సరిపెట్టవచ్చని అది చూపించింది.

ఆ 1973 చమురు సంక్షోభమే మన వంటింటికీ వచ్చింది. 1976లో కేంద్ర ప్రభుత్వం పెట్రోలియం పొదుపు కోసం ఒక కార్యాచరణ బృందాన్ని ఏర్పాటుచేసింది. 1978లో అది పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘంగా రూపొందింది. మూత పెట్టి వండండి, పప్పు ముందుగా నానబెట్టండి, ప్రెషర్ కుక్కర్ వాడండి, గిన్నె పొంగు రాగానే మంట తగ్గించండి అన్న సలహాలను ఇంటింటికీ ప్రచారం చేసింది ఇదే. చమురు దిగుమతి తగ్గించడానికి చెప్పిన ఆ మాటలు నేడు వాతావరణానికీ వర్తిస్తాయి.

2001లో పార్లమెంటు ఇంధన పరిరక్షణ చట్టం చేసింది. మరుసటి ఏడాది ఇంధన సామర్థ్య సంస్థ ఏర్పడింది. 2006లో యంత్రాల మీద నక్షత్రాల చీటీ వచ్చింది. మొదట్లో అది తయారీదారుల ఇష్టం. 2010 నుంచి ఫ్రిజ్, ఏ.సి. వంటి వాటికి తప్పనిసరి చేశారు. సీలింగ్ ఫాన్లకు 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది. బర్క్‌లీలో ఫ్రిజ్ లోపల దాగిన స్విచ్చును బయట గోడ మీదికి తెచ్చినట్టే ఇది.

ఇక బల్బు కథ. 1879లో ఎడిసన్ వెలిగించిన తీగ బల్బు మన కాలం దాకా వచ్చింది. అది వాడే కరెంటులో వెలుగుగా మారేది కొద్ది శాతమే, మిగిలినదంతా వేడి. 1990ల ప్రారంభంలో జపాను శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురా ప్రకాశవంతమైన నీలి కాంతి డయోడును సాధించారు. దానితో తెల్లని వెలుగునిచ్చే ఎల్.ఇ.డి. బల్బుకు దారి ఏర్పడింది. 2014లో వారికి నోబెల్ బహుమతి లభించింది. అదే ఏడాది మన ప్రభుత్వ సంస్థ కొన్న ఎల్.ఇ.డి. బల్బు ధర 310 రూపాయలు. 2015 జనవరిలో ఉజాలా పథకం దేశవ్యాప్తంగా మొదలైంది. కోట్ల సంఖ్యలో ఒకేసారి కొనడంతో 2016 నాటికి కొనుగోలు ధర 38 రూపాయలకు దిగింది. పథకం కింద 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ అయ్యాయి. వీటివల్ల ఏడాదికి సుమారు 4,800 కోట్ల యూనిట్లు ఆదా అవుతున్నాయని ప్రభుత్వ అంచనా. 300 కోట్లతో భాగించి చూడండి. 16 రోసెన్‌ఫెల్డ్‌లు!

ఏ స్విచ్ ఎంత?

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే ఏడాదికి దాదాపు 110 యూనిట్లు. అందులో ఒక గంట అనవసరమనుకుని ఆర్పితే 22 యూనిట్లు ఆదా. బల్బు తీసేసి 9 వాట్ల ఎల్.ఇ.డి. పెట్టి, ఐదు గంటలూ వెలిగించినా 93 యూనిట్లు ఆదా. అంటే సుమారు 65 కిలోల బొగ్గుపులుసు వాయువు.

ఫాను చూడండి. పాత ఫాను 75 వాట్లు. రోజుకు 12 గంటల చొప్పున 300 రోజులు తిరిగితే 270 యూనిట్లు. కొత్త రకం బ్రష్ లేని మోటారు ఫాను సుమారు 30 వాట్లు. అదే గాలికి 108 యూనిట్లు. ఆదా 162 యూనిట్లు, 113 కిలోల వాయువు.

ఫోను తీసేశాక కూడా చార్జరును ప్లగ్గులోనే ఉంచడం పాపమని చాలామంది అనుకుంటారు. ఖాళీ చార్జరు లాగేది ఒక వాటులో ఐదో వంతు అనుకుందాం. ఏడాదంతా అలాగే ఉంచినా రెండు యూనిట్ల లోపే. ఒకటిన్నర టన్నుల ఏ.సి. కంప్రెసరు పూర్తిగా నడుస్తున్నప్పుడు సుమారు గంటలోనే అంత కరెంటు లాగేస్తుంది. చార్జరు తీయడం మంచిదే. కాని అది తీసి, ఏ.సి.ని 18 డిగ్రీల మీద పెట్టి దుప్పటి కప్పుకుని పడుకుంటే లాభం లేదు. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. అందుకే 2020 జనవరి నుంచి తయారయ్యే ఏ.సి.లు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన తెచ్చారు. ఎవరినీ ఏమీ మానమనకుండానే అలవాటును మార్చే పద్ధతి ఇది.

పెట్రోలు సంగతి కూడా చూడండి. లీటరు పెట్రోలు మండితే 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. వీధి చివరి కొట్టుకూ, ట్యూషనుకూ బండి తీయకుండా నడిచో, సైకిలు మీదో వెళ్ళి వారానికి ఒక లీటరు మిగిలిస్తే ఏడాదికి 120 కిలోలు. పైన చెప్పిన ఫాను మార్చినంత ఫలితం, రూపాయి పెట్టుబడి లేకుండా.

డాబా మీది సున్నం

రోసెన్‌ఫెల్డ్ కథలో మన హైదరాబాదుకు సంబంధించిన అధ్యాయం ఒకటి ఉంది. బర్క్‌లీలో ఆయన, హషెమ్ అక్బరీ తదితరులు భవనాల పైకప్పు రంగు గురించి పరిశోధించారు. నల్లని కప్పు ఎండను పీల్చుకుంటుంది, తెల్లని కప్పు తిప్పికొడుతుంది. 100 చదరపు మీటర్ల నల్లటి కప్పును తెల్లగా మారిస్తే, ఎండను వెనక్కు పంపడం ద్వారానే 10 టన్నుల బొగ్గుపులుసు వాయువు కలిగించే తాపాన్ని సరిపుచ్చవచ్చని 2009లో వారు లెక్కగట్టారు. హైదరాబాదు లోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ పరిశోధకులతో కలిసి బర్క్‌లీ శాస్త్రవేత్తలు ఇక్కడి కార్యాలయ భవనాల మీద కొలతలు తీశారు. 2011లో ఫలితాలు వెలువడ్డాయి. మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13, 14 యూనిట్లు, నల్లపూత ఉన్న కప్పుకైతే 20 నుంచి 22 యూనిట్లు మిగిలాయి. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది.

వేసవి రాగానే డాబా మీద సున్నం కొట్టించే అలవాటు మన ఊళ్ళలో ఎప్పటినుంచో ఉన్నదే. ఏ.సి. లేని ఇంట్లో దానివల్ల యూనిట్లు మిగలకపోయినా, మధ్యాహ్నం పూట గది వేడి తగ్గుతుంది. మండుటెండల్లో వృద్ధులకూ పసిపిల్లలకూ అది చిన్న మేలు కాదు.

ఒక హెచ్చరిక

పొదుపుకు ఒక శత్రువు ఉంది. దాన్ని 1865లోనే ఆంగ్ల ఆర్థికవేత్త స్టాన్లీ జెవన్స్ గుర్తించాడు. ఆవిరి యంత్రాలు మెరుగై తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేస్తుంటే బ్రిటన్‌లో బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. పని చవకైతే ఎక్కువ పని చేయించుకుంటాం. ఎల్.ఇ.డి. చవక కదా అని ఒక బల్బు ఉన్నచోట నాలుగు పెట్టి, ప్రహరీ గోడకు రాత్రంతా దీపతోరణాలు కడితే ఆదా చేసినదంతా హరించుకుపోతుంది. మంచి యంత్రం వచ్చాక కూడా ఆర్పే అలవాటు అవసరమయ్యేది ఇందుకే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పుకోవచ్చు. మీరు ఒక్కరూ ఒక బల్బు ఆర్పితే ఒరిగేది కొద్దిగానే. దాన్ని పెద్దదిగా చేసి చెప్పడం అబద్ధమవుతుంది. కాని బల్బు ఆర్పబోయినవాడికే స్విచ్ ఎక్కడుందో వెతకవలసి వస్తుంది. వెతికినవాడికే అది ఎందుకు దాగిందన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న నుంచే ప్రమాణాలు, నక్షత్రాల చీటీలు, 38 రూపాయల బల్బు పుట్టాయి.

మీ బడిలోనో, కళాశాలలోనో, వసతిగృహంలోనో ఒక పని చేయండి. ఒక శనివారం సాయంత్రం మీటరు అంకె రాసుకోండి, సోమవారం ఉదయం మళ్ళీ చూడండి. ఎవరూ లేనప్పుడు తిరిగిన యూనిట్లు ఎన్నో తెలుస్తుంది. ఏ గదిలో ఏది నడిచిందో పట్టిక వేసి, 0.7తో గుణించి, ఎన్ని కిలోల వాయువో కింద రాసి ప్రధానోపాధ్యాయులకు చూపించండి. తర్వాతి నెల మళ్ళీ కొలవండి. మీటరు అంకెలు అబద్ధం చెప్పవు.